పెదనాయన తట్టి చూసిన గోడ

పెదనాయన పోయారని పొల్లాచ్చి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను సిటీలో, గాంధీపురం బజారులో ఒక బట్టల షోరూం మెట్లు కొలుస్తున్నాను. "నిజమేనా? డాక్టరు చూసి చెప్పినాడా?" అని ఆయన గుమాస్తాను రెండుసార్లు అడిగాను. ఏదీ ఒక్కసారికి నమ్మకూడదని నేర్పింది ఆయనే మరి.

ఆయన మా నాన్నకు అన్న, కొబ్బరి వ్యాపారి. చేతికందిన ప్రతి కాయనూ చెవి దగ్గర ఊపి, వేలి కణుపుతో తట్టి వినేవారు. కాయల్ని తట్టడంతో ఆగలేదు. సంబంధం మాట్లాడటానికి వెళ్లిన ఇంట్లో బీరువాను కూడా తట్టారని పెద్దమ్మ ఇప్పటికీ తల పట్టుకుంటుంది.

నేను ఇంటీరియర్ ఆర్కిటెక్చర్ చదువుతానంటే నాన్న ఆయన ముఖం చూశాడు. ఆయన సరేనంటే తప్ప మా ఇంట్లో ఎవరికీ ఫీజు కట్టరు.

"గది లోపలి పనికి నాలుగేండ్ల చదువా కణ్ణు? వడ్రంగి చేస్తాడు గదా," అన్నారు, తమిళుల్లా నన్ను ముద్దుగా 'కణ్ణు' అని పిలుస్తూ.

అయినా కాలేజీకి తోడొచ్చారు. అక్కడ అడ్మిషన్ల అతను ఉద్యోగాలు, జీతాలు ఏకరువు పెడుతుంటే ఈయన లేచి గోడను తట్టారు. డొల్లగా మోగింది.

"ఈ గది ఎవురు చేసినారు తంబీ? మీకాడ చదివినోళ్లా?"

అతను ఫీజుల కాగితం మా ముందుకు జరిపాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆడపిల్లనని అడ్డుపడుతున్నారనే అనుకున్నాను.

ఆ వారమంతా ఆయన గాంధీపురంలో షాపు షాపూ ఎక్కి దిగారు. తానూ షాపు పెడుతున్నానని అబద్ధమాడి, లోపలి పని ఎవరు చేశారు, ఏం చదివారు, ఎంత తీసుకున్నారు అని కూపీ లాగారు. అది నమ్మి ఒక డిజైనరమ్మ డ్రాయింగులు చుట్టుకుని పొల్లాచ్చి దాకా వచ్చేసింది. ఆమెకు నిజం చెప్పి, భోజనం పెట్టి, ఆమె కష్టసుఖాలన్నీ అడిగి, దారి ఖర్చులిచ్చి పంపారు.

"మొదటి మూడేండ్లు వచ్చేది బస్ చార్జీకి సరిపోతాదంట. ఆ మాట కాలేజీవోడు చెప్పలే, ఈమె చెప్పింది. తెలిసే పోతావా?"

"పోతాను."

"సరి. చూస్తాము."

ఆయన ఎవరినీ మెచ్చుకోరు. కాయ బాగున్నా "చూస్తాము", వాన పడినా "చూస్తాము".

ఆమె చెప్పినట్టే జరిగింది. చదువయ్యాక బస్ చార్జీలకే పని చేశాను. అప్పుడు పెదనాయన కొబ్బరి మండీలో తన ఆఫీసు గది చేసిపెట్టమన్నారు. ప్రతి ప్లైవుడ్ ముక్కకూ నాతో తగువాడి, నేనడిగినంతా పైసా తగ్గించకుండా ఇచ్చారు. అది నా పనికి ఇచ్చారో, జాలిపడి ఇచ్చారో అన్న అనుమానం నన్నింతవరకూ వదల్లేదు. నేను సొంతంగా ఆఫీసు పెట్టుకున్న రోజున కూడా అడిగాను.

"నా చదువు గిట్టుబాటయినట్టేనా పెదనాయనా?"

"చూస్తాము."

'గిట్టుబాటయింది' అన్న ఒక్క మాట ఆయన నోట వినాలని ఎంత ఆశపడ్డానో నాకే తెలుసు. ఇక వినలేను.

కర్మలయ్యాక మండీకి వెళ్లాను. ఆయన కుర్చీ వెనక నేను వేయించిన చెక్క గోడ మీద, రూపాయి బిళ్లంత మేర పాలిష్ పోయి ఉంది. కుర్చీ రాసుకుందా అంటే, అంత ఎత్తుకు కుర్చీ రాదు.

"అయ్య దినమూ పొద్దున రాంగానే ఆడ రెండు తట్లు తట్టేది. ఆమీటనే కూర్చునేది," అన్నాడు గుమాస్తా.

నేనూ అక్కడే తట్టాను. గట్టిగా పలికింది. నమ్మకం చాలక ఇంకోసారి తట్టాను.