మావారి స్పానిష్ చదువు

మొన్న ఆదివారం మా పక్క క్వార్టరు గార్డుగారు కొత్త రేడియో కొన్నారు. రాయపూర్ రైల్వే కాలనీలో ఒకరింటికి రేడియో వచ్చిందంటే అందరింటికీ వచ్చినట్టే కాబట్టి, ఆయన కొబ్బరికాయ కొట్టేదాకా ఆగి మేమంతా వాళ్ళ ముందుగదిలో చేరాం. ఆయన ముల్లు తిప్పుతూ ఒక్కో దేశం వినిపిస్తున్నారు. ఆ గరగరలోంచి ఉన్నట్టుండి ఒక ఆడగొంతు పైకొచ్చింది. మిగతావాళ్ళకి అది రేకుల కప్పు మీద వడగళ్ళ చప్పుడులా ఉండి ఉంటుంది. నాకు మాత్రం మధ్యలో ‘ప్వేదే’ అన్న మాట స్పష్టంగా తెలిసింది. ‘ప్వేదే’ అంటే ‘చేయగలడు’. గుమ్మం దగ్గర నిలబడ్డ మావారి వైపు చూశాను. ఆయన కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకుంటున్నారు.

విజయనగరంలో పుట్టి రాయపూర్‌లో కాపురం చేసే ఆడదానికి స్పానిష్ ఎందుకొచ్చిందయ్యా అంటే, ఆ పుణ్యం ఒక దొరది. ఆ దొర రైల్వేలో ఇంజనీరు. మావారు ఆయన ఆఫీసులోనే నక్షాలు గీసే ట్రేసరు. వయసులో ఉండగా దొర అర్జెంటీనాలో, అక్కడి ఇంగ్లీషు కంపెనీల రైలుమార్గాల మీద పనిచేశాడట. ఒకనాడు మావారు గీసిన వంతెన నక్షా చూసి ముచ్చటపడి, తను మళ్ళీ అర్జెంటీనాకే పోతాననీ, పోతూ మావారిని కూడా తీసుకుపోతాననీ, ఈలోగా భాష నేర్చుకోమనీ చెప్పి, తన పాత వ్యాకరణం పుస్తకం చేతిలో పెట్టాడు. ఆ సాయంత్రం మావారి సైకిలు నేల మీద నడిచిందో లేదో నాకు అనుమానమే.

మావారు చిన్నప్పుడు శాస్త్రులుగారి దగ్గర సంస్కృత శబ్దాలు వల్లెవేసిన మనిషి. భాష అంటే వల్లెవేసేదేనని ఆయన నమ్మకం. ఆఫీసు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, వరండాలో మఠం వేసుకుని అందుకునేవారు: ‘ప్వేదో, ప్వేదెస్, ప్వేదే, పొదేమోస్...’ మామూలు క్రియలు బుద్ధిమంతులు, కొస మార్చుకుని ఊరుకునేవి. ఈ ప్వేదో లాంటివి మాత్రం నడుమే మార్చేసేవి. నేను, నువ్వు, వాడు, వాళ్ళు అన్నప్పుడు ఒక వేషం. మనం, మీరు అన్నప్పుడు అసలు రూపం. “మనం అన్నచోట మారదు చూసేవా! అర్జెంటీనా ఎల్లినా మనం మనమేనే” అని మురిసిపోయేవారు. ఒప్పజెప్పించుకోవడం నా పని. నాకు ఇంగ్లీషు అక్షరాలు అంతంత మాత్రం కనుక, పుస్తకం అంచుల్లో తెలుగులో రాసిపెట్టారు. నేను బియ్యంలో రాళ్ళేరుతూ, పప్పు కడుగుతూ తప్పులు పట్టేదాన్ని. మా పనిమనిషి మేము రోజూ దెబ్బలాడుకుంటున్నామనుకుని, ఒకనాడు చీపురు పట్టుకునే మధ్యవర్తిత్వానికి వచ్చింది. “బాయీ లా ఝన్ డాంటవ్, బాబూజీ” అంది. అమ్మగారిని తిట్టకండి బాబూ అని.

ఆ చదువు సాగుతుండగానే వాల్తేరుకి బదిలీ వచ్చింది, హెడ్ ట్రేసరు హోదాతో. మా అక్కా వాళ్ళుండేది అక్కడే. మా అమ్మాయికి బడి వయసు వచ్చింది, తెలుగు బడిలో వేయొచ్చు. ఇంటిబయట అడుగుపెడితే తెలుగు మాట వినపడే ఊళ్ళో బతకొచ్చు. నాకు అంతకుమించి కోరికలు లేవు. సామాను సర్దడం మొదలుపెట్టి, ఆవకాయ జాడీకి వాసెన కూడా కట్టేశాను. అప్పుడు మావారు ఇంటికొచ్చి, బదిలీ రద్దు చేయించుకున్నానని చెప్పారు.

“దొరగారు ఆగమన్నారే. ఇక్కణ్ణించి కదిలితే ఆయన కళ్ళకి దూరమైపోతాం. సముద్రం దాటబోయే వాళ్ళం, ఒడ్డున కూచుండిపోతామా?”

“కాయితం మీద రాసిచ్చేరేటండీ?”

“సాహెబ్ మాట పక్కా మాట. కాయితం ఎందుకు?”

జాడీ వాసెన విప్పుతూ ఏడ్చాను. ఆ ఉద్యోగం మావారి కింద పని నేర్చుకున్న అతనికి దక్కింది. అతనింకా వాల్తేరులోనే ఉన్నాడు, ఇల్లు కూడా కట్టుకున్నాడని విన్నాను.

ఆ ఏడాది క్రిస్మస్‌కి దొర బంగళాలో టీ పార్టీ. ఆఫీసువాళ్ళ ఆడవాళ్ళని వెనక వరండాలో జంపఖానా మీద కూర్చోబెట్టారు. తలుపు తెర పక్కనుంచి నాకు హాలంతా కనపడుతోంది. దొర చప్పట్లు కొట్టి అతిథులను పిలిచి, మావారిని మధ్యలో నిలబెట్టి, మొదలుపెట్టమని చెయ్యి ఊపాడు. మావారు చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, శాస్త్రులుగారి రాగంలో అందుకున్నారు. ఒక దొరసాని నవ్వు ఆపుకోలేక రుమాలుతో కళ్ళు ఒత్తుకుంది. అతిథుల్లో ఒక బట్టతలాయన ఆ దేశంలో ఉండొచ్చినవాడు కాబోలు, టీ కప్పు ముందుకు చాపి “క్యేరే తే?” అన్నాడు. టీ కావాలా అని. తెర వెనకున్న నాకే అర్థమైంది. కానీ అన్నాళ్ళలో మావారిని ఎవరైనా ఆ భాషలో ఒక్క ప్రశ్న అడిగితే కదా! పుస్తకం ఇచ్చిన దొర కూడా ఏనాడూ అడగలేదు. మావారు కంగారుగా వరస మొదటినుంచి ఎత్తుకున్నారు: “క్యేరో, క్యేరెస్, క్యేరే, కెరేమోస్...” హాలు హాలంతా చప్పట్లు కొడుతూ పగలబడి నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది దొరే. నవ్వి, వీపు తట్టి, ఒక కేకు ముక్క చేతిలో పెట్టి పంపించాడు.

ఆ ముక్కని అమ్మాయి కోసం రుమాల్లో కట్టుకుని నడుస్తూ మావారు, “చప్పట్లు విన్నావా? ఆ బట్టతలాయన నాకు పరీక్ష పెట్టేడు. పాసైపోయేను” అన్నారు.

“అది పరీక్ష కాదండీ. మిమ్మల్ని ఆడించి నవ్వుకున్నారు. అందుకే ఆపేరు మన బదిలీ.”

“వంటింట్లో కూచునేదానివి, నీకేటి తెలుసు?” అన్నారాయన. తర్వాత చాలారోజులు పుస్తకం నా చేతికివ్వకుండా తనకు తానే ఒప్పజెప్పుకున్నారు.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది దొర వెళ్ళిపోయాడు. స్టేషనులో దండలు, ఫోటోలు. మావారు ఉన్న ఒక్క కోటూ ఇస్త్రీ చేయించుకుని వచ్చారు. ముందురోజు సాయంత్రం కూర్చుని, జీవితంలో మొదటిసారి ఒక వాక్యం తయారుచేశారు. నాకు ఒప్పజెప్పారు కూడా. తప్పు లేదు. రైలు కూత వేశాక కిటికీ దగ్గరికి వెళ్ళి, “రెక్వెర్దా, సెన్యోర్?” అన్నారు. గుర్తుందా అయ్యా అని. దొర చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, అర్థంకాక భార్యవైపు చూసి, “అచ్ఛా, అచ్ఛా, సలామ్” అన్నాడు. తను నేర్చుకోమన్న భాషే తనకి తెలియలేదు. రైలు కదిలింది. మావారు ప్లాట్‌ఫారం చివరిదాకా పక్కనే నడిచారు. దొర అర్జెంటీనా పోలేదనీ, ఇంగ్లండులో గులాబీలు పెంచుకుంటున్నాడనీ తర్వాత తెలిసింది. ఆ గులాబీలకి చీడ పట్టాలని నేను చాలాసార్లు కోరుకున్నాను.

మా అమ్మాయి ఇక్కడ హిందీ బడిలోనే చదివింది. పెద్దమ్మకి హిందీలో ఉత్తరం రాస్తుంది. పెద్దమ్మ దాన్ని పట్టుకుని వాల్తేరులో చదివిపెట్టేవాళ్ళ కోసం వెతుక్కుంటుంది. మొన్న రేడియో దగ్గర గార్డుగారు ముల్లు ఆపి, “ఇది ఏ దేశం భాషో! మీకేమైనా తెలుసాండీ?” అని మావారినే అడిగారు.

“ఏమోనండీ. నాకేటి తెలుసు” అని మావారు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

దొర మరిచిపోయాడు. మావారు మరిచిపోయానంటున్నారు. వాల్తేరులో గడవాల్సిన ఆ సంవత్సరాలు మాత్రం నన్ను వదలవు. సాయంత్రం పప్పు కడగడానికి కూర్చోగానే, నేను పిలవకుండానే, ఆ ప్వేదో, ప్వేదెస్‌లు వరస తప్పకుండా నా నోటికి వస్తాయి.