పరామర్శల మామయ్య

ఇరుగుపొరుగు వాళ్ళకు ఒంట్లో బాగోలేదంటే పరామర్శించే మనుషులు ఎక్కడైనా ఉంటారు. పుస్తకాల్లోని మనుషుల్ని కూడా అంతే శ్రద్ధగా పరామర్శించేవాడు మాత్రం ఈ మామయ్య ఒక్కడే. అచ్చాఫీసు వెనక గదిలో ముప్ఫై ఏళ్ళుగా బైండింగు ఆయన పని. అచ్చయిన కాగితాలు మడతపెట్టి సూదీ దారంతో కుడుతూ, చేతికి ఏ పేజీ వస్తే ఆ పేజీ చదివేవాడు. దాంతో కథలన్నీ ఆయనకు మధ్యలోంచే తెలుసు. అందులో ఎవరికైనా కష్టమొస్తే, అది తీరిందో లేదో తెలిసేదాకా ఆయనకు కాలూ చెయ్యీ ఆడేవి కావు.

ఒకసారి లెక్కల మాస్టారు దారిలో కనిపించారు. ఆయన రాస్తున్న లెక్కల పుస్తకం అచ్చాఫీసులో సగం అచ్చయి ఉంది. మామయ్య ఆయనను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు.

"మాస్టారూ, నలభై ఏడో పేజీలో రెండు రైళ్ళు ఎదురెదురుగా వస్తున్నాయి."

"అవును. ఎప్పుడు కలుసుకుంటాయో కనుక్కోవాలి."

"కలుసుకోవడమేంటండీ. లోపల జనం లేరూ?"

మాస్టారు కాసేపు ఆలోచించి, పట్టాలు వేరువేరని మాటిచ్చారు. "ఆ ముక్క కూడా రాసి పంపండి, పిల్లలు భయపడతారు" అన్నాడు మామయ్య. మాస్టారు నిజంగానే రాసి పంపారు. ఇక వైద్యశాస్త్రం పుస్తకం కుట్టిన పదిహేను రోజులూ మామయ్య ముఖం ఎవరూ చూడలేకపోయారు. మొత్తం ఆరువందల పేజీల్లో ఒక్క రోగి కూడా లేచి ఇంటికి వెళ్ళలేదట.

ఈ మామయ్యకు ఒక మేనకోడలు. ఉద్యోగం బీమా ఆఫీసులో, ధ్యాసంతా మొదటి నవల మీద. రోజూ పొద్దున ఆఫీసుకు వెళ్ళేముందు వంటింటి బల్ల దగ్గర కూర్చుని గంటసేపు రాసుకునేది. ఒక పెద్ద భవనంలో లిఫ్టు నడిపే మనిషి కథ అది. పదమూడు అధ్యాయాలు చకచకా నడిచాయి. పద్నాలుగో అధ్యాయంలో, అతనితో పన్నెండేళ్ళుగా మాటల్లేని అన్న వచ్చి ఆ లిఫ్టు ఎక్కాడు. మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ మధ్య కరెంటు పోయింది. లిఫ్టు ఆగింది, దాంతోపాటు నవలా ఆగింది. ఇద్దరిలో ఎవరు ముందు నోరు విప్పాలో, విప్పి ఏమనాలో ఆమెకు తోచలేదు. ఏం రాసినా నాటకంలో డైలాగులా ఉండేది. చించి పారేసేది.

"పుస్తకం ఎంతవరకు వచ్చింది?" అని అమ్మ అడిగేది. ఆఫీసులో పక్క సీటావిడ అడిగేది. ఆఖరికి కుళాయి బాగుచేయడానికి వచ్చిన మనిషి కూడా అడిగాడు. అడిగిన ప్రతిసారీ ఆమె, "వస్తోంది" అని తప్పించుకునేది. రాసినంతవరకూ చదివేసిన మామయ్య మాత్రం పని ముగించుకుని అటుగా వచ్చి, గుమ్మంలోంచే మొదలుపెట్టేవాడు.

"ఏమే, దిగారా వాళ్ళు?"

"ఇంకా లేదు మామయ్యా."

"పోనీ, మాట్లాడుకున్నారా?"

"లేదు."

"లోపల ఫ్యాన్ ఉందా?"

"కరెంటు పోయింది కదా మామయ్యా."

"పెద్దాయనకి ఆయాసమని నాలుగో అధ్యాయంలో నువ్వే రాశావు. కనీసం పైకప్పుకి నాలుగు చిల్లులైనా పెట్టు."

ఆమె విసుక్కుంటూనే మర్నాడు చిల్లులు పెట్టింది. ఆ మర్నాడు మంచినీళ్ళ సీసా పెట్టాల్సి వచ్చింది. ఇంకోరోజు, "పెద్దాయన ఎంతసేపని నిలబడతాడే? తమ్ముడి కింద స్టూలుంటుందిగా, అది ఇవ్వమను" అన్నాడు. స్టూలు ఇవ్వాలంటే తమ్ముడు లేవాలి. లేవాలంటే వాడికి మనసు రావాలి. ఆ మనసు రావడానికి మూడు పేజీలు పట్టాయి. లిఫ్టు కదలకపోయినా, మామయ్య పుణ్యమా అని నవల అంగుళం అంగుళం కదులుతూనే ఉంది. ఆ సంగతి ఆమె అప్పుడు గమనించి ఉంటే ఎంత బాగుండేది.

ఒక ఆదివారం ఒక పత్రికా సంపాదకుడు వాళ్ళింటికి వచ్చాడు. ఆమె మొదటి అధ్యాయాలు చదివాడట, మెచ్చుకోవడానికి వచ్చాడు. సాహిత్యం గురించి పెద్ద పెద్ద మాటలు నడుస్తున్నాయి. సరిగ్గా అప్పుడే మామయ్య ఒక చీటీ పట్టుకుని దిగబడ్డాడు.

"డాక్టరు గారిని అడిగొచ్చానే. ఆయాసానికి ఈ బిళ్ళ మంచిదట. పెద్దాయన జేబులో వేసెయ్."

ఏ పెద్దాయనో తెలిసేసరికి సంపాదకుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"మామయ్యా, నీకెన్నిసార్లు చెప్పాలి? ఆ లిఫ్టులో ఎవరూ లేరు. అన్నా లేడు, తమ్ముడూ లేడు. అంతా నేను అల్లిన అబద్ధం. మతిలేని మాటలతో నలుగురిలో నా పరువు తీయకు."

మామయ్య చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అవునమ్మా, తెలుసు" అన్నాడు. అలిగి టీ తాగకుండా వెళ్ళినా కొంత నయంగా ఉండేది. శుభ్రంగా తాగి, గ్లాసు కడిగిపెట్టి మరీ వెళ్ళాడు.

ఆ తరువాత కూడా వచ్చేవాడు. చెల్లెలితో నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళేవాడు. లిఫ్టు ఊసెత్తలేదు. నెల తరువాత ఒకరోజు మేనకోడలు ఎదురుపడితే, "పుస్తకం ఎంతవరకు వచ్చిందమ్మా?" అని అడిగాడు, అందరిలాగే. 'ఏమే' పోయి 'అమ్మా' వచ్చింది. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. ఏడు నెలలు గడిచాయి, కాగితం మీద ఒక్క వాక్యం పడలేదు.

ఒకరోజు అచ్చాఫీసు ఫోర్మన్ ఏదో పనిమీద బీమా ఆఫీసుకు వచ్చాడు. "మామయ్య ఇంకా రైళ్ళ గురించి బెంగపడుతున్నాడా?" అని ఆమె నవ్వబోయింది.

ఫోర్మన్ నవ్వలేదు. "ఎవరి గురించీ అడగడం లేదమ్మా ఈమధ్య. ఆ లెక్కల మాస్టారి సంగతి నీకు తెలుసా? భార్య పోయాక ఏడాదిన్నర పుస్తకం ముట్టుకోలేదు. మిగతాది ఎప్పుడిస్తారని మేం అడిగితే మొహం చాటేసేవాడు. మీ మామయ్య వెళ్ళి రైళ్ళ గురించి అడిగాడు. ఆయన నవ్వుకుని, ఆ ఒక్క ముక్క రాద్దామని కూర్చున్నాడు. రెండు నెలల్లో మొత్తం పూర్తిచేసి తెచ్చిచ్చాడు."

"అంటే మామయ్య కావాలనే?"

"మరి రైళ్ళు గుద్దుకోవని ఆయనకి తెలీదనుకున్నావా? రాసేవాళ్ళని పుస్తకం సంగతి అడిగితే బెదిరిపోతారు, అందులో మనుషుల సంగతి అడగాలి అంటాడు."

సాయంత్రం ఆమె నేరుగా బైండింగు గదికి వెళ్ళింది. దారిపొడుగునా ఎన్నో క్షమాపణలు అల్లుకుంది. ఒక్కటీ నోటితో అనేలా లేదు. మామయ్య ఒక పెద్ద నిఘంటువు అట్టకు గుడ్డ అంటిస్తున్నాడు. మోచేతులదాకా జిగురు. తలెత్తి ఆమెను చూసి, మళ్ళీ గుడ్డ సర్దసాగాడు. ఆమె అలాగే నిలబడింది. గుడ్డ ఒక పక్కకు జారుతోంది.

"ఆ కొస పట్టుకో" అన్నాడు.

పట్టుకుంది.

"మరీ లాగకు, ముడత పడుతుంది."

ఇద్దరూ కలిసి అంటించారు. ఆ తరువాత ఇంకో నాలుగు అట్టలకు కూడా అంటించారు. క్షమాపణ అన్నది అసలు జరగనే లేదు. మర్నాడు పొద్దున వంటింటి బల్ల దగ్గర ఆమె పద్నాలుగో అధ్యాయం తెరిచింది. అన్న ముందుగా నోరు విప్పాడు. "ఈ స్టూలు ఊగుతోంది, కాస్త పట్టుకో" అన్నాడు. తమ్ముడు వంగి పట్టుకున్నాడు. ఆరు వారాల్లో నవల పూర్తయింది.

అచ్చయి బైండింగుకు వచ్చిన పుస్తకాన్ని మామయ్య ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు. కుట్టినన్నాళ్ళూ ఆమె రోజూ ఏదో వంకతో ఆ గదికి వెళ్ళేది, అడుగుతాడేమోనని. ఆయన వానల గురించి మాట్లాడేవాడు, చెల్లెలి మోకాళ్ళ గురించి మాట్లాడేవాడు. ఆ ఒక్కటీ అడగలేదు. నోరారా అడిగే మనిషి నోరు తనే మూయించింది. ఇప్పుడు ఎవరిని అని ఏం లాభం? చివరికి ఉండబట్టలేకపోయింది.

"మామయ్యా, నువ్వడగలేదు, అయినా చెప్తున్నా. వాళ్ళు దిగారు."

ఆయన సూది ఆపలేదు. "తెలుసు. మొన్న కుడుతుంటే కనబడ్డారు."

ఆమె పక్కన కూర్చుంది. మెల్లగా అడిగింది.

"ఎలా ఉన్నారు?"

మామయ్య దారం తెంపి, కళ్ళద్దాలు పైకి తోసుకుని ఆలోచించాడు.

"పెద్దాయన పర్లేదు. తమ్ముడే బాగా చిక్కిపోయాడే. ఏడు నెలలు ఒక్క మెతుకు పెట్టకుండా నిలబెట్టావు, చిక్కడూ మరి?"