పక్కకు తిప్పిన ముఖం

రేషన్ దుకాణంలో గోనెసంచుల వాసన ఒక తీరుగా ఉంటుంది. బియ్యపు దుమ్ము, సుతిలి, గోడల చెమ్మ కలిసిన వాసన. దానికి తోడు మొన్న నిజామాబాద్‌లో మా వీధి దుకాణం పక్కనే ఎవరో ఉల్లిగడ్డ బస్తాలు దించారు. వాటిలో సగం మెత్తబడ్డవే. నేను లైన్లో నిలబడి కొంగును ముక్కు మీదికి లాక్కున్నాను. చూసేవాళ్లు దుమ్ము పడదనుకోవాలని నా తాపత్రయం. అసలు భయం వేరు. అమెరికాలో చదివొచ్చి డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే మేడం సన్నబియ్యం కోసం సంచి పట్టుకుని నిలబడడం ఎవరి కంటా పడకూడదు. గెస్ట్ లెక్చరర్‌నని, చెప్పిన పీరియడ్‌కే జీతమని, అదీ ఎప్పుడొస్తుందో ఆ పైవాళ్లకే తెలుసని ఎంతమందికి వివరించను?

మెత్తబడ్డ ఉల్లిగడ్డల వాసనే నన్ను జూడిత్ మేడం దగ్గరికి తీసుకుపోయింది. అమెరికాలో మా యూనివర్సిటీకి కొత్తగా వచ్చిన విదేశీ విద్యార్థులకు వ్యాసాలు రాయడం నేర్పేదావిడ. యాభై దాటిన మనిషి, భుజాన ఎప్పుడూ రెండు బరువైన సంచులు. పాఠం మొదలయ్యే ముందు తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించేది. మనం కూడా ఆమె కళ్లలోకి చూసి జవాబు చెప్పేదాకా లోపలికి వదిలేది కాదు. నా పేరు స్వరూప. అందరూ దాన్ని నానా రకాలుగా విరిచేవాళ్లు. ఆవిడ మాత్రం వారం రోజులు పట్టుబట్టి నేర్చుకుంది. నన్ను జూడిత్ అనే పిలవమంది. టీచరును పేరు పెట్టి పిలిస్తే నాలుక పడిపోతుందని పెరిగినదాన్ని, చివరిదాకా మేడం అనే అన్నాను.

రెండో సెమిస్టర్లో నా క్యాంపస్ పని పోయింది. ఇంటికి చెప్పలేదు. బోధన్ దగ్గర మా ఊళ్లో ఒకప్పుడు అందరూ చెరుకు వేసినవాళ్లే. నరుకుడు రోజుల్లో మరాఠ్వాడా నుంచి వచ్చిన కూలీలకు మా వాకిట్లోనే పెద్ద గంజుల్లో అన్నం ఉడికేది. షుగర్ ఫ్యాక్టరీ మూతబడ్డాక బాపు పసుపుకూ వరికీ మారాడు గానీ, ఇంటికొచ్చిన మనిషిని తినకుండా పంపిన రోజు లేదు. అలాంటి ఇంటి పిల్లను, క్యాంపస్‌లో విద్యార్థులకూ సిబ్బందికీ ఉచితంగా తిండి సామాను ఇచ్చే గది ఒకటి ఉందని తెలిసి, పుస్తకాల సంచి ఖాళీ చేసుకుని బయల్దేరాను. అది ఒక పాత భవనం నేలమాళిగ. మెట్లు దిగుతుంటే తడి అట్టపెట్టెల వాసన, ఉల్లిగడ్డల వాసన. అక్కడున్న పిల్ల ఏమీ అడగకముందే "ఇవి నా రూమ్మేట్ కోసం" అన్నాను. ఆ పిల్ల నవ్వి ఊరుకుంది. రోజూ ఎంతమంది రూమ్మేట్ల కథలు విని ఉంటుందో!

మూడోసారో నాలుగోసారో వెళ్లినప్పుడు లైన్లో నాకు ముందు జూడిత్ మేడం నిలబడి ఉంది. భుజాన అవే రెండు సంచులు. వెనక్కి తిరిగింది, చూసింది. పెదవులు కదిలాయి కూడా. నేను చటుక్కున గోడ మీది పోస్టరు వైపు ముఖం తిప్పేశాను. నా ఇజ్జత్ ఒక్కటే చూసుకోలేదు. మా వైపు పెద్దవాళ్లెవరైనా కష్టంలో కంటబడితే చూసీ చూడనట్టు పోవడమే మర్యాద. టీచరమ్మను అలాంటి చోట పలకరిస్తే ఆమెను చిన్నబుచ్చినట్టే. పెద్ద మర్యాదస్తురాలిలా ఆ పోస్టరు మొత్తం చదివాను. ఏముందో ఒక్క ముక్క గుర్తు లేదు.

మర్నాడు క్లాసయ్యాక ఆవిడ నన్ను ఉండమంది.

"నిన్న నన్ను చూశావు కదా?"

"చూశాను మేడం."

"మరి పలకరించలేదేం?"

"మీకు ఇబ్బందిగా ఉంటుందని... మా దగ్గర అలాగే చేస్తాం."

ఆవిడ సంచులు కింద పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది, "ఆ లైన్లో నిలబడ్డం అలవాటైపోయింది స్వరూపా. నా విద్యార్థి నన్ను ఎరగనట్టు ఉండడమే కష్టమనిపించింది."

నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడే తెలిసింది, ఆవిడ మూడు కాలేజీల్లో ఒక్కో క్లాసు చెబుతూ కారులో తిరుగుతుందని, అన్నీ కలిపినా ఇల్లు గడవదని, వచ్చే సెమిస్టరుకు పని ఉంటుందో లేదో ఎప్పుడూ తెలియదని. అమెరికా ప్రొఫెసరంటే మా ఊళ్లో మేం ఊహించుకున్న మనిషి వేరు.

ఆ నెలలోనే కాంట్రాక్టు టీచర్లు, విద్యార్థులు కలిసి జీతాలు పెంచాలని ఒక సభ పెట్టారు. జూడిత్ మేడం మైకు ముందు నిలబడి తాను తిండి సామాను కోసం ఆ నేలమాళిగకు వెళ్తుంటానని చెప్పింది. "ఇక్కడ ఇంకెవరైనా వెళ్తారా?" అని అడిగింది. ఒక్కొక్క చెయ్యీ లేచింది. నా చెయ్యి ఒళ్లోనే బండరాయిలా ఉండిపోయింది. ఆవిడ నా వైపు చూడలేదు, కావాలనే చూడలేదనుకుంటాను. అందరికంటే ఆఖరున లేపాను. సరిగ్గా అప్పుడే ఎవరో ఫోటో తీశారు. అది 'ఉచిత తిండి కోసం లైన్లో నిలబడేవాళ్లు' అన్న వార్తతో విద్యార్థుల పత్రికలో వచ్చింది, మన వైపు అబ్బాయి ఒకడు దాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టాడు, రెండ్రోజుల్లో మా ఊరు చేరింది.

బాపు ఫోన్ చేశాడు.

"గా ఫోటోల సెయ్యి లేపింది నువ్వేనా బిడ్డా?"

"నేనే బాపూ."

"సెరుకు కొట్టెటోళ్లకు సుత కడుపునిండ పెట్టి పంపినం. నా బిడ్డ పరాయి దేశంల తిండి కోసం లైన్ల నిలవడ్డదా?"

బాపు గొంతు మారింది.

"నాకు ఒక్క మాట సెప్పకపోతివి. గంత సేతకానోన్నా నేను?"

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. నా వల్ల ఆయన తనను చూసి తానే సిగ్గుపడుతుంటే వినాల్సి వచ్చింది. మర్నాడు జూడిత్ మేడం గదికి వెళ్లి ఏడ్చాను, కోపం కూడా చూపించాను. మీరు అడగకపోతే నేను చెయ్యి ఎత్తేదాన్నే కాదన్నాను. ఆవిడ కాగితపు రుమాళ్ల డబ్బా నా వైపు జరిపింది.

"మా అమ్మకు నేను ఇప్పటికీ చెప్పలేదు" అంది. "తన కూతురు ప్రొఫెసరని ఊరంతా చెప్పుకుంటుంది. మైకులో చెప్పగలిగాను గానీ, అమ్మకు ఫోన్లో చెప్పలేకపోయాను. మీ నాన్నకు 'నేనే' అని చెప్పావు చూడు, అది నా వల్ల కాలేదు."

తర్వాతి సెమిస్టర్లో ఆ క్లాసు తలుపు దగ్గర ఎవరూ నిలబడలేదు. జూడిత్ మేడంకు మళ్లీ పని ఇవ్వలేదు, వేరే ఆయన వచ్చి నేరుగా పాఠం మొదలుపెట్టాడు. ఆవిడకు రెండు ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు. చదువయ్యాక ఉద్యోగం దొరక్క నేను వచ్చేశాను. బాపు ఆ ఫోటో మాట మళ్లీ ఎత్తలేదు. కానీ ఫోన్ చేసినప్పుడు "తిన్నవా?" అని ఊరుకోడు. కూరేందో చెప్పేదాకా వదలడు.

మొన్న రేషన్ లైన్లో వేలిముద్ర మిషన్ మొరాయించి అందరం కదలకుండా నిలబడ్డాం. వెనక్కి తిరిగితే శిరీష. నా క్లాసులో ముందు బెంచీ పిల్ల, వేల్పూర్ నుంచి వచ్చి ఇక్కడ గది తీసుకుని చదువుకుంటోంది. ఒక్క క్షణం చూసింది. వెంటనే సంచి సర్దుకుంటున్నట్టు పక్కకు తిరిగి, గోడ మీది ధరల బోర్డు చదవడం మొదలుపెట్టింది. ఎంత శ్రద్ధగా చదువుతోందో, పాపం!

కొంగు కిందికి దించాను. "శిరీషా!" అని పిలిచాను. లైనంతా తిరిగి చూసింది.

వచ్చింది, తల దించుకునే. "నేను సూడలేదు మేడం..."

"చూసినవులే. ఇట్లా రా, మాట్లాడుకుంట నిలబడుదాం."

"మీరు గీడ... లైన్ల..."

"అవును. నీలెక్కనే, బియ్యం కోసం."

చుట్టుపక్కల ఎవరో గుసగుసగా ఏదో అన్నారు. చెవుల దాకా వేడెక్కింది. ఇన్నేళ్లయినా ఆ సిగ్గు పోలేదు, పోతుందన్న ఆశ కూడా లేదు. అయినా కొంగు మళ్లీ పైకి లాక్కోకుండా, ఆ పిల్ల కళ్లలోకి చూసి, పొద్దున ఏం తిన్నదో అడిగాను.