సున్నం కింద సుసానా

ఇంగ్లండులో మా సస్సెక్స్ పల్లె పబ్బులో శనివారం సాయంత్రం ఎవరి పాట వాళ్లే పాడాలి. ఒకరి పాట ఇంకొకరు ముట్టుకుంటే గొడవే. మిల్లు మడుగులో మునిగిపోయిన పిల్ల పాట జేబెజ్ థర్కెటిల్‌ది. పొలాల చుట్టూ కంచె పొదలు కత్తిరించి బతికే ముసలాయన, మాటల్లో మహా పిసినారి. పాటలోని కెజియా తన మేనత్తేననీ, ఆమె పోయాక నాన్నే ఈ పాట కట్టాడనీ చెప్పేవాడు. ఆ అత్తకు సమాధి రాయి కూడా లేదు. ఆమె గుర్తుగా మిగిలింది ఆ పాటొక్కటే.

ఈ వసంతంలో పబ్బుకు కొత్త సున్నం వేద్దామని, దాన్ని నడిపే మా ఆయన పాత పెచ్చులు గీకాడు. వెనకటివాళ్లు గోడలకు అతికించిన, సంతల్లో అమ్మే అచ్చు పాటల కాగితం ఒకటి బయటపడింది. పైన ఓడ బొమ్మ, కింద అచ్చులో జేబెజ్ పాట. ఒక్క మాట పొల్లుపోలేదు. కాకపోతే పిల్ల పేరు సుసానా, ఊరు ఎక్కడో ఉత్తరాన. మళ్లీ సున్నం కొట్టెయ్యమని మొత్తుకున్నాను. ఆయన వింటేగా! ఊరందరినీ పిలిచి చూపించాడు.

జేబెజ్‌కు చదువు రాదు. నేనే చదివి వినిపించాను.

"మా నాన్న అబద్ధాలకోరంటావా, అమ్మా?"

"అదేం మాట తాతా! కాగితాలమ్మేవాడెవడో మీ నాన్న దగ్గర విని అచ్చువాళ్లకిచ్చాడేమో. పేరు వాళ్లు మార్చుంటారు."

"అయితే ఏది ముందు? మాదా, ఇదా?"

కాగితం మీద అచ్చు వేసిన సంవత్సరం లేదు. నాకు మాత్రం ఏం తెలుసు?

బండి తోలే ఎనోస్ నోరు ఊరుకోదు. "అచ్చయితే అందరి సొత్తే కదా! ఇక నేనూ పాడతా."

"నీ గొంతు వింటే నీ గాడిదే పారిపోతుంది. నోర్మూసుకుని తాగు," అన్నాను.

ఆ శనివారం జేబెజ్ ఎప్పటిలాగే లేచి కళ్లు మూసుకుని పాట ఎత్తుకున్నాడు. మిల్లు వచ్చింది, మడుగు వచ్చింది. పిల్ల పేరు దగ్గర ఆగిపోయాడు. ఎనోస్ తల దించుకున్నాడు.

ముసలాయన కళ్లు తెరిచి, దారి తప్పినవాడిలా నా వైపు చూశాడు.

"ఎవరో ఒక పిల్ల మునిగే ఉంటుంది కదమ్మా? మరి ఇన్నేళ్లూ నేను ఏడ్చింది ఎవరింటి పిల్ల కోసం?"