చిమ్నీ మూత తెరవలేదు

ఆ రోజు నేను చూడనిదాన్ని చూశానని రాశాను. షార్జా అల్ నహ్దాలో ఒక పాత బిల్డింగ్, ఏడో అంతస్తులో వంటగది చిమ్నీ తనిఖీ. ఫారంలో ఆఖరి గడి గొట్టం లోపలి పరిస్థితి గురించి. ఆ గడిలో టిక్కు పెట్టి, కింద సంతకం చేసి, బూట్లు వేసుకుని బయటికి వచ్చేశాను. గొట్టం మూత తెరవనే లేదు.

ఇక్కడి ఇళ్లలో చిమ్నీ అంటే పొయ్యి మీద ఉండే రేకు డొప్ప, దాని జాలీలు, వెనక నుంచి సీలింగ్ పైకి పోయే రేకు గొట్టం. జాలీలు ఇంటివాళ్లు కడుక్కుంటారు. గొట్టం ఎవరికీ కనబడదు. వేపుళ్ల నూనె ఆవిరై అందులోకి పోయి, చల్లారి, జిగురులా పట్టి, ఏళ్ల తరబడి పేరుకుంటుంది. సీలింగ్ పలక జరిపి, గొట్టం మూత మరలు విప్పి, లోపల మడ్డి ఎంత మందం ఉందో పళ్లున్న చిన్న రేకుముక్కతో కొలవాలి. దాన్ని మేం దువ్వెన అంటాం. నా ఉద్యోగమంతా ఆ మూత తెరవడంలోనే ఉంది. మిగతాది ఎవరైనా చేస్తారు.

ఆ ఇంటామెది గోదావరి వైపు. క్లినిక్‌లో నర్సు. భర్తకు రువైస్‌లో ఉద్యోగం, వారానికోసారి వస్తాడు. కరోనా తర్వాత క్లినిక్‌లో డ్యూటీలు తగ్గించడంతో ఇంట్లో వండి బ్యాచిలర్ల గదులకు భోజనం డబ్బాలు పంపుతోంది. తలుపు దగ్గర నేను హిందీలో మొదలుపెట్టాను. నా హిందీ వినగానే తెలుగువాళ్లేనా అని అడిగింది. జగిత్యాల దిక్కు అన్నాను. అంతే, తనిఖీకి వచ్చినవాణ్ని కాస్తా చుట్టాన్నయిపోయాను. పప్పుచారు, చేపల వేపుడుతో అన్నం పెట్టింది. వద్దన్నాను కానీ గట్టిగా అనలేదు. ఇంటి వంట తిని చాలా నెలలైంది.

తింటూనే అన్నీ చూశాను. మామూలు స్టవ్ పక్కన హోటళ్లలో వాడే పెద్ద పొయ్యి ఉంది. దాని మంట జాలీలకు జానెడు దూరంలో ఉంటుంది. వంటగది వీధి తలుపు పక్కనే. నాలుగేళ్ల పాప లోపలి గదిలో బొమ్మలు వేసుకుంటోంది. ఆ పిల్ల బయటికి రావాలంటే ఈ వంటగది ముందు నుంచే రావాలి. చెయ్యి కడుక్కున్నాక డొప్ప అంచున వేలు పెడితే పసుపు జిగురు అంటింది. ప్యాంటుకు తుడుచుకున్నాను.

తెరవాల్సిన సీలింగ్ పలక కింద ఉన్న అర నిండా గిన్నెలు, నూనె డబ్బాలు. "జాలీలు నిన్ననే కడిగాను తమ్ముడూ, పైన ఏముంటుంది? ఇవన్నీ దింపాలంటే గంట పడుతుంది. సాయంత్రం చర్చివాళ్లకి గారెలూ బూరెలూ ఇవ్వాలి. నాలుగింటికల్లా మూకుడు పెట్టాలి," అంది.

దింపాల్సిందేనని నేను అనాలి. కానీ ఆమె పెట్టిన అన్నం తిని, చేతి తడి ఆరకముందే ఆమె ఇంటి కప్పులో తల దూర్చి తప్పు వెతకడానికి మొహమాటపడ్డాను. మొహమాటం కన్నా చెడ్డది ఇంకొకటి ఉంది. తెరిస్తే మడ్డి కనబడుతుందని నాకు తెలుసు. కనబడితే రాయాలి. రాస్తే ఒక్క కుటుంబం వండుకునే ఇంట్లో ఇంత మడ్డి ఎక్కడిదని బిల్డింగ్‌వాళ్లు అడుగుతారు. అనుమతి లేకుండా అమ్ముతున్న డబ్బాల సంగతి బయటపడుతుంది. దయ చూపిస్తున్నానని నాకు నేనే చెప్పుకుని టిక్కు పెట్టాను.

వ్యాన్‌లో తర్వాతి బిల్డింగ్‌కి వెళ్తుంటే నా వేలి దగ్గర మాడిన పాత నూనె వాసన వచ్చింది. ఈ పనిలో చేరిన కొత్తలో దుబాయ్ నైఫ్ బజారులో ఒక చిన్న కెఫెటేరియాలో చూసింది గుర్తొచ్చింది. మూకుట్లో మంట లేస్తే వంటాయన మూతేసి ఆర్పాడు. అందరం నవ్వుకున్నాం కూడా. అప్పుడు గోడలో శబ్దం మొదలైంది, దూరం నుంచి లారీ వస్తున్నట్టు. పొయ్యి మీద మంట లేదు, గొట్టంలో పైకి పోతోంది. ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు. గోడ మీద చెయ్యి పెట్టి చూసిన వంటాయన అరచేయి మాత్రం బొబ్బలెక్కింది.

తర్వాతి బిల్డింగ్‌లో పని సాగలేదు. మర రెండుసార్లు జారి కిందపడింది. గడియారం చూసినప్పుడల్లా ఆమె పిండి రుబ్బుతూ ఉంటుందని, ఇప్పుడు నూనె పోస్తూ ఉంటుందని అనుకున్నాను. మూడింటికి మా ముదీర్‌కు, అంటే మేనేజర్‌కు, ఫోన్ చేశాను. మలయాళీ, మాతో హిందీలోనే మాట్లాడతాడు. ఆమె నంబరున్న ఫారం ఆయన దగ్గరే ఉంది. అప్పుడు కూడా నా నోట ముందు అబద్ధమే వచ్చింది. ఆ ఇంట్లో దువ్వెన మర్చిపోయాను, వెళ్లి తెచ్చుకుంటానన్నాను.

"ఫైల్ క్లోజ్ హో గయా భాయ్. ఖలాస్. కల్ లే లో," అన్నాడు.

రేపు తెచ్చుకోమంటున్నాడు. రేపటిదాకా ఆగే పని కాదది.

"సాబ్, మైనే అందర్ దేఖా నహీ. బినా దేఖే సైన్ కియా."

చూడకుండా సంతకం పెట్టానని చెప్పేశాను. ఆయన మెల్లగా అడిగాడు: "కిత్నే ఘర్ మే?"

ఎన్ని ఇళ్లలో అలా చేశావని. ముందు ఆమె నంబరివ్వమన్నాను. ఆయన రెట్టించకుండా నంబరిచ్చాడు.

మూడుసార్లు రింగైంది, ఎత్తలేదు. టాక్సీ ఎక్కాను. నహ్దా రోడ్డు మీద బండ్లు కదలడం లేదు. సగం దూరంలో దిగి, ఎండలో పరుగెత్తాను. లిఫ్ట్‌లో ప్రతి అంతస్తులోనూ ఎవరో ఎక్కారు. ఏడో అంతస్తులో తలుపు తెరుచుకోగానే వేడి నూనె వాసన వచ్చింది.

ఆమె చేతికి అంటిన పిండితోనే తలుపు తీసింది. ఏం మర్చిపోయావు తమ్ముడూ అని నవ్వింది.

"ముందుగాల పొయ్యి బందు చెయ్యక్కా. నేను మూత తెరవలే. చూసిన్నని అబద్ధం రాసిన."

ఆమె నవ్వు పోయింది. పొయ్యి ఆపింది కానీ పక్కకు తప్పుకోలేదు. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టడానికి మళ్లీ వచ్చావా? ఆ ముక్క పొద్దున్నే చెప్తే అన్నం పెట్టకపోదును."

పొద్దున నన్ను ఆపింది ఈ మాట పడాల్సి వస్తుందన్న భయమే. పడ్డాక తెలిసింది, అది భరించలేనిదేమీ కాదు. వాచ్‌మన్ దగ్గర నిచ్చెన అడిగి తెచ్చి, గిన్నెలన్నీ నేనే దింపాను. పలక జరిపి మూత విప్పగానే నల్లటి ముద్ద ఒకటి జారి నిచ్చెన మెట్టు మీద పడింది. జేబులోని దువ్వెన తీసి పెడితే పళ్లన్నీ మునిగిపోయాయి. ఆమెను నిచ్చెనెక్కి చూడమన్నాను. ఫోన్ లైటు వేసుకుని చాలాసేపు చూసింది.

"గుండె రక్తనాళం ఇలా ఉంటే పేషెంటుని మంచం దిగనివ్వం," అంది. దిగాక లోపలి గదివైపు చూసి, చర్చివాళ్లకు ఫోన్ చేసింది. ఈ రోజు కుదరదని చెప్పేటప్పుడు కారణం అడిగారు కాబోలు, నా తప్పు ఊసెత్తకుండా చిమ్నీ పాడైందని మాత్రం చెప్పింది.

కొత్త ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాశాను. నేను భయపడ్డట్టే బిల్డింగ్‌వాళ్లు వచ్చి అడిగారు. పెద్ద పొయ్యి తీసేయించారు, డబ్బాలు ఆగిపోయాయి. మర్నాడు గొట్టం నేనే గీకాను. పూర్తయ్యేసరికి సాయంత్రమైంది. ఆమె మంచినీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లింది. తమ్ముడూ అని పిలవలేదు. ఆమె సంపాదన పోవడానికి నా నిజం కారణమా, నా అబద్ధమా అని చాలా రోజులు ఆలోచించాను. పొద్దున్నే తెరిచి ఉంటే, ఎలా సర్దుకోవాలో ఆమెతో కూర్చుని మాట్లాడే సమయమైనా దొరికేది.

గొట్టం గీకిన సాయంత్రమే ఆఫీసుకి వెళ్లి ముదీర్ ఎదుట పాత ఫారాలన్నీ తిరగేశాను. అర అడ్డముందనో, ఆకలైందనో, ఏసీ లేదనో నేను తెరవకుండా టిక్కు పెట్టిన ఇళ్లు ఇంకా తొమ్మిది తేలాయి. ఆ నంబర్లన్నీ ఒక కాగితం మీద రాసి, సంతకం చేసి ఇచ్చాను. ఆయన వార్నింగ్ లెటర్ ఇచ్చాడు. ఆదివారాలు నా సెలవులో ఆ ఇళ్లు మళ్లీ చూస్తానంటే ఒప్పుకున్నాడు.

మొదటి ఆదివారం మొదటి ఇంటి బెల్లు కొట్టాను. పోయినసారి లోపల చూడకుండానే బాగుందని రాశానని చెప్పాను. ఇంటాయన నన్ను ఎగాదిగా చూసి, లోపలికి రమ్మని, చాయ్ తాగుతావా అని అడిగాడు. ముందు మూత తెరుస్తానని చెప్పి నిచ్చెన వేశాను.