చేటెడు తవుడుకు కొన్న దస్తగిరి

షాహీదాబీ మా ఇంట్లో కుర్చీలో కూర్చోగా నేను చూసింది తక్కువ. ప్రొద్దుటూరులో బస్సెక్కి జమ్మలమడుగులో దిగి, చేతిసంచి గడప పక్కన పెట్టి, నిలబడే అడిగేది.

"నారాయణప్పా, దొరికినాడా?"

దొరకాల్సింది వాళ్ల తాత దస్తగిరి. 1909లో ఇల్లు విడిచిపోయిన మనిషి.

ఆమెకు డెబ్బై ఆరేళ్లు. ప్రొద్దుటూరు బట్టలంగళ్ల సందులో చీరలకు ఫాల్ కుట్టి ముగ్గురు పిల్లలను పెంచింది. ఇప్పటికీ రోజుకు నాలుగు చీరలు కుడుతుంది. చేతిలో సూది లేనప్పుడు కూడా వేళ్లు కొంగు అంచును మడుస్తూనే ఉంటాయి. నేను లైబ్రరీలో పనిచేసి రిటైరయినవాణ్ని. పాత ఇంగ్లీషు చేతిరాత చదువుతానని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చింది.

ఆ రోజుల్లో మద్రాసు డిపోలో పేరు రాయించుకుంటే ఓడ ఛార్జీ దొరలే పెట్టుకునేవాళ్లు. బదులుగా సముద్రం అవతల, దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటల్లో అయిదేళ్లు పని చేయాలి. రాజుపాలెంలో దూది ఏకే దస్తగిరి ఒక కరువు ఏడాది అట్లా పోయినాడు. భార్య పీరాంబీ చంకలో ఏడాది బిడ్డ. ఆ బిడ్డే షాహీదాబీ నాయన. పోయిన మనిషి దగ్గర నుంచి ఒక్క జాబు రాలేదు.

పీరాంబీ చచ్చేదాకా మెడలో నల్లపూసలు తీయలేదు. షబేబరాత్ నాడు సందవేళ వాళ్ల ఇంట్లో రొట్టెలు, హల్వా ముందు పెట్టుకుని, పోయినవాళ్ల పేర్లన్నీ చెప్పి, వాళ్ల కోసం ప్రార్థన చదివించి ఫాతెహా ఇస్తారు. దస్తగిరి పేరు మాత్రం ఆమె చెప్పనిచ్చేది కాదు. "పోయినాడని మాట రానీ. మాట రాకుండానే బతికిండే మనిషికి ఫాతెహా ఇస్తారా ఎవురన్నా?" అనేదట. పోయే ముందు, తనను జేజి అని పిలిచే మనవరాలు షాహీదాబీ చేత ఒట్టు వేయించుకుంది.

ఆ ఒట్టుకు అరవై ఏళ్లు కావస్తున్నాయి. కువైట్‌లో ఉండే కొడుకు షఫీ ఫోన్లో నవ్వేవాడు.

"ఆయప్పకు ఇప్పుడు నూట నలభై ఏండ్లమ్మా. ఇంకా యాడ బతికింటాడు? పేరు చెప్పేస్తే పోలా?"

"ఒట్టేసింది నువ్వు కాదు, నేను," అనేది ఈమె.

పోయిన ఏడాది గుండెకు స్టెంటు వేసినారు. అప్పటి నుంచి ఆమె తొందర ఎక్కువైంది. నాతో ఒకసారి అనింది: "నేను పోతే ఆ పేరు తలుచుకునేవాళ్లే లేరప్పా. బతికినోళ్లలో లేడు, పోయినోళ్లలో లేడు. ఆయప్ప నడిమధ్యలో నిలబడిండాడు. నాకేమో కూచోబుద్ధి కాదు."

ఆమె మనవరాలు ఫరహత్ నెట్ సెంటర్‌లో పనిచేస్తుంది. ఓడలెక్కినవాళ్ల జాబితాలు కంప్యూటర్లో వెతికి, ప్రింట్లు తీసి పంపేది. నేను భూతద్దం పట్టుకుని చదివేవాణ్ని. దస్తగిరి అనే పేరు మా జిల్లాలో హిందువులూ పెట్టుకుంటారు, ముస్లింలూ పెట్టుకుంటారు. 1909లో రాజుపాలెం నుంచి ఒక దస్తగిరి పోయినాడు గానీ, తండ్రి పేరు గంగన్న, కులం కాపు అని ఉంది. షాహీదాబీ ముత్తాత లాల్‌సాబ్. కాపుల గంగన్న కొడుకుతో మనకేం పని అని ఆ కాగితం నేనే పక్కన పెట్టినాను. ఆమె కూడా సరేననింది. అది పనికిరానివాటితో కలిసి బీరువా కిందికి పోయింది. 1908, 1910 జాబితాలు కూడా వెతికేసరికి ఏడు నెలలు గడిచినాయి.

"కండ్లద్దాలు తుడుచుకోని చదువప్పా," అని పోరు పెట్టేది.

షబేబరాత్ ఇంక అయిదు రోజులు ఉందనగా, రాజుపాలెం పాత సంగతులు తెలిసినవాళ్లను అడిగితే నయమనుకున్నాం. దస్తగిరి ఇంటి పక్క కాపుల ఇంట్లో పుట్టిన ఇందిరమ్మను పులివెందులకు ఇచ్చినారు. ఎనభై రెండేళ్ల మనిషి. ఇద్దరం ముద్దనూరు మీదుగా బస్సులో పోయినాం. బస్సు ఆగిన ప్రతిచోటా షాహీదాబీ లేచి నిలబడింది.

ఇందిరమ్మ వసారాలో శనక్కాయలు వలుస్తూ ఉంది. తలెత్తి చూసింది.

"లాల్‌సాబ్ ఇంటి షాహీదావు కదూ? మా పిల్లోన్ని మాకు అప్పజెప్పేకి వచ్చినావా?"

"ఏ పిల్లోడక్కా?"

"మీ తాత. తెలీదా నీకు? ఆయప్పకు ముందు పుట్టినోళ్లు నలుగురు నిలవలేదు. ఈయప్పను పుట్టిన దినమే పెంట మీద పండబెడితే, మా జేజి చేటెడు తవుడిచ్చి కొనుక్కొనె. ముక్కు కూడా కుట్టించె. పాలిచ్చి పెంచింది మీవాళ్లే, పేరుకు మాత్రం మా జేజినాయన గంగన్న కొడుకు."

షాహీదాబీ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

బిడ్డలు నిలవని ఇండ్లలో పుట్టినవాణ్ని ఇట్లా పక్కింటికి అమ్మడం నేను చిన్నప్పటి నుంచి విన్నదే. ఈ బిడ్డ ఈ ఇంటివాడు కాదులే అని చావు దాటిపోతుందని నమ్మకం. ఎవరి కొడుకువని అడిగితే గంగన్న కొడుకునని చెప్పమని వాడికి మాటలు వచ్చినప్పుడే నేర్పి ఉంటారు. డిపోలో గుమాస్తా అడిగితే అదే చెప్పినాడు. సముద్రం దాటబోయే ముందు అసలు తండ్రి పేరు చెప్పే ధైర్యం ఎవరికి ఉంటుంది? కులం ఆ గుమాస్తానే పూరించి ఉంటాడు.

"పోతానక్కా," అనింది షాహీదాబీ.

"కాఫీ తాగిపో."

"మళ్లీ తాగుతా."

"ముసిల్దానివైనా నీ కాలు నిలవదు," అనింది ఇందిరమ్మ.

ఆ సాయంత్రమే జమ్మలమడుగులో బీరువా కింద నుంచి కాగితం తీసినాను. ఇంతకు ముందు పేర్ల దగ్గరే ఆగిపోయి, ఒంటి మీది గుర్తుల గడి చదవలేదు. ఇప్పుడు పైకి చదివినాను. వయసు ఇరవై నాలుగు. ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు. ఎడమ పిక్క మీద మచ్చ. కుడి ముక్కుపుటకు కుట్టిన రంధ్రం.

షాహీదాబీ నవ్వింది. "జేజి చెప్తాండె. ముక్కుపుల్ల కనపడకపోతే ముందు మీ తాత ముక్కే చూసేదాన్ని అని." కాగితం వైపు వంగి, "కడాకు ఏమని ఉండాది?" అనింది.

చివరి గడిలో చనిపోయినాడనో, తిరిగి వచ్చినాడనో రాయాలి. అది ఖాళీగా ఉంది.

ఆమె వాకిలికీ వంటింటికీ మధ్య నాలుగుసార్లు తిరిగింది. "దొరికినాడు. అయినా మాట రాలే," అనింది. ఆమె సంచిలోంచి ఫోను తీసి ఇందిరమ్మకు చేసింది. చెవి సరిగ్గా వినపడక స్పీకరు పెట్టింది. సంగతంతా చెప్పింది.

"మీ జేజి ఏమనింది? పోయినాడని మాట రావల్లని, అంతే కదా?" అనింది ఇందిరమ్మ. "యాడ నుంచి రావల్లనో చెప్పిందా?"

"లేదు."

"మనిషి పోతే మాట చెప్పి పంపేది ఆ ఇంటోళ్లు. కాగితంలో ఎవురింటి పిల్లోడని రాసిండాది?"

"గంగన్న ఇంటి..."

"ఆ ఇంట్లో ఇప్పుడు పెద్దదాన్ని నేనే. చెప్తాండా విను. మా దస్తగిరి పోయినాడు. మీ ఇంట్లో తెలియజేయి."

షాహీదాబీ అక్కడే నేల మీద కూర్చుంది.

"ఎప్పుడక్కా?" అని అడిగింది, చావు మాట విన్నవాళ్లు అడిగినట్టే.

"శానా దినాలాయె," అనింది ఇందిరమ్మ.

షబేబరాత్ నాడు షాహీదాబీ నన్నూ ప్రొద్దుటూరికి రమ్మనింది. ఫాతెహా ఇచ్చే పెద్దమనిషి పేర్ల చీటీలో చివరి పేరు దగ్గర ఆగినాడు.

"ఎవురి కొడుకమ్మా ఈయప్ప?"

"లాల్‌సాబ్ కొడుకు. గంగన్న కొడుకు. రెండూ చెప్పు."

"ఇద్దరు నాయనలా?"

"ఈయప్పకు ఉండారు. నువ్వు చదువు."

ఆయన చదివినాడు. ఆమె కొంగు అంచు మడుస్తూనే వినింది.

మరుసటి రోజు నేను తిరుగు బస్సు కోసం వస్తే, ప్రొద్దుటూరు బస్టాండులో పులివెందుల బస్సు దగ్గర కనిపించింది. ఒక సంచిలో రొట్టెలు, హల్వా ఉన్నాయి. ఇంకో సంచి విప్పి చూపించింది. తవుడు.

"ఇందిరమ్మకు బర్రెలు లేవు కదా, ఎందుకు?" అన్నాను.

"మా తాతను వాపసు తెచ్చుకుంటాండప్పా. ఊరికే ఇస్తుందా ఆయమ్మ?"

సీటు ఉంది కూర్చోమని కండక్టరు రెండుసార్లు చెప్పినాడు. బస్సు కదిలేటప్పటికి కూడా ఆమె కడ్డీ పట్టుకుని నిలబడే ఉంది.