ఖడ్గమృగం అడుగులు

ఆ రోజుల్లో, అంటే నాకు ఇరవై మూడేళ్ళప్పుడు, నాకు తెలియనిదంటూ లోకంలో ఏదీ ఉండేది కాదు. ఇప్పుడా కుర్రాడు ఎదురుపడితే పలకరించకుండా రోడ్డు దాటేస్తాను. ఏలూరులో డిగ్రీ ఎలాగో గట్టెక్కించి తాడేపల్లిగూడెంలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో చేరాను. మూడో నెలలో మా ఓనరు గారు పిలిచి, "నేపాల్ యాత్రకి వెళ్ళాల్సిన గైడు మానేశాడయ్యా. నీకు వాళ్ళ భాష వచ్చా?" అన్నారు. "బాగా వచ్చండి" అన్నాను. (అప్పటికి నేను దాటిన అతి పెద్ద సరిహద్దు కృష్ణా నది.) రెండు వారాల తరువాత మెడలో కార్డు, కళ్ళకి నల్లద్దాలు, జేబులో ఇంటర్నెట్ నుంచి దింపుకున్న పదకొండు కాగితాలతో ముప్ఫై మందిని వెంటేసుకుని బయలుదేరాను.

ఆ ముప్ఫై మందిని నేను ఎంత చిన్నచూపు చూశానో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. సగం మంది గూడెం కొట్లవాళ్ళు, సగం మంది డెల్టా రైతులు. పశుపతినాథుడి గుడి మెట్ల మీద నిలబడి "భోజనంలోకి చారు పెడతారాండీ?" అని అడిగిన జనం. అందులో ఉల్లిపాయల వ్యాపారం చేసే బాబాయి ఒకాయన ఉండేవారు. నేను ఖాట్మండు వీధిలో గోపురాల చరిత్ర చెబుతుంటే ఆయన పక్క బండి మీద ఉల్లిపాయ తీసి, నొక్కి, వాసన చూసి, "ఏవండీ, ఈ సరుకు మన గూడెంలో గేదె కూడా ముట్టదండీ" అని తీర్పు ఇచ్చారు. గుంపంతా నన్నొదిలేసి బండి చుట్టూ చేరింది.

అందరికంటే నాకు ఒళ్ళు మండించింది మాత్రం కొల్లేటికోట నుంచి వచ్చిన తాతగారూ మామ్మగారూ. తాతగారు జీవితమంతా చేపల చెరువుల్లోనే పనిచేసిన మనిషి. ఏం చూపించినా ఆయన నోట ముందు వచ్చే మాట "మా కొల్లేట్లో అయితేనండీ..." అనే. బురదలో పుట్టి బురదలో పెరిగినవాళ్ళకి హిమాలయాలెందుకని లోలోపల వెక్కిరించుకునేవాణ్ణి. పైకి మాత్రం నవ్వేవాణ్ణి. ఆ నవ్వు ఎంత చవకబారుగా ఉండేదో గ్రూపు ఫోటోల్లో ఇప్పటికీ కనిపిస్తుంది.

నాలుగో రోజు చిత్వాన్ అడవికి చేరాం. అక్కడి నదిలో చెట్టు మొద్దు తొలిచి చేసిన పడవల మీద తిప్పుతారు. ఎక్కేటప్పుడు అందరూ భయపడి కేకలు పెడితే మామ్మగారు మాత్రం మా ఊరి దోనెలాగే ఉందంటూ పీట మీద కూర్చున్నంత తేలిగ్గా కూర్చున్నారు. మా పడవలో ఆ దంపతులు, ముగ్గురు ఆడవాళ్ళు, నేను, పడవవాడు. మిగతావాళ్ళు వెనక పడవల్లో. ఒడ్డున ఒక కొంగ కనబడింది. కాగితాల్లో దాని ఊసు లేదు. అయితేనేం, గొంతు సవరించుకుని, "ఇది హిమాలయ కొంగ. ఇక్కడ తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు" అన్నాను.

తాతగారు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, మెల్లగా, "నత్తగుల్ల కొంగ కదండీ బాబూ. మా ఇంటెదురుగా రోజూ వాలుద్ది. నత్తలు తింటది" అన్నారు. ఆయన మాట ముగిసేసరికి కొంగ వంగి, నత్తను పట్టి, మింగేసింది. ఆడవాళ్ళు ముగ్గురూ పకపకా నవ్వారు.

ఆ నవ్వు నా నెత్తికెక్కింది. పోయిన పరువు వెంటనే తెచ్చుకోవాలి. దగ్గర్లో నీళ్ళ అంచున పెద్ద పెద్ద గుంటలు కనిపించాయి. "అవి ఖడ్గమృగం అడుగులు. రండి, దగ్గర నుంచి చూపిస్తాను" అని లేచాను. "ఆ బురద ఊబిలా ఉంది బాబూ, దిగకండి" అన్నారు తాతగారు. పడవవాడు కూడా చేతులూపుతూ వాళ్ళ భాషలో ఏదో అరిచాడు. "దిగమనే అంటున్నాడండీ" అని అనువదించి (అదే నా మొదటి అనువాదం, ఆఖరిదీ) దూకాను.

మోకాళ్ళ దాకా ఒక్కసారే దిగిపోయాను. కాళ్ళు పీక్కుందామని తన్నుకుంటే తొడల దాకా వెళ్ళాను. అదే సమయంలో అవతలి ఒడ్డున ఎండ కాచుకుంటున్న మొసలి చప్పుడు లేకుండా నీళ్ళలోకి జారింది. "అమ్మా" అన్నాను. అది ఏ భాషలో అయినా అర్థమయ్యే మాటే.

తాతగారు పడవ అంచు మీదికి వచ్చారు. "కదలకండి. నన్నే చూడండి. మంచం మీద ఒరిగినట్టు వెనక్కి వాలండి."

"మునిగిపోతానండీ!"

"మునగరు. దిగబడేది కాలే, వీపు కాదు. వాలండి బాబూ."

వాలాను. ఆయన పడవవాడి తెడ్డు నా చంకల కింద అడ్డంగా వేసి, ఒక్కో కాలూ మెల్లగా ఆడిస్తూ తీయమన్నారు. పడవవాడు గడకర్రతో నీళ్ళను బాదుతూ మొసలిని దూరంగా ఉంచాడు. కాలు వచ్చింది, బూటు రాలేదు. రెండో కాలూ అంతే. చివరికి తాతగారి కండువా పట్టుకుని, నల్లటి బొమ్మిడాయి చేపలా పడవలోకి జారి, మామ్మగారి కాళ్ళ దగ్గర పడి ఏడ్చేశాను. ఆవిడ కొంగుతో నా ముఖం తుడుస్తూ, "పోయింది బూట్లే కదా నాయనా" అన్నారు.

వెనక పడవలు వచ్చేశాయి. "ఏమైందండీ గైడు గారికి?" అని ఉల్లిపాయల బాబాయి కేకేశారు. ఇక అయిపోయింది, ఈ సంగతి గూడెం మార్కెట్ దాకా పోతుందనుకుని కళ్ళు మూసుకున్నాను. తాతగారు కండువా పిండుకుంటూ నింపాదిగా చెప్పారు: "ఖడ్గమృగం అడుగులు చూపిద్దామని దిగారండీ. అవి కాస్త లోతుగా ఉన్నాయి."

మా పడవలో ఒక్కరూ పెదవి విప్పలేదు.

రెండు రోజుల తరువాత పోఖరాలో తెల్లవారుజామున కొండ మీద నిలబడ్డాం. మబ్బు విడిపోయి, ఎండ తగిలి, మంచు శిఖరాలు ఒకదాని తరువాత ఒకటి ఎర్రబడ్డాయి. వాటి పేర్లూ, ఎత్తులూ, ఎక్కినవాళ్ళ చరిత్రలూ నా జేబులో ఉన్నాయి. మామ్మగారు చప్పుడు లేకుండా కన్నీళ్ళు తుడుచుకుంటున్నారు. "ఏమైందండీ మామ్మగారూ, చలేస్తోందా?" అన్నాను.

"లేదు నాయనా. ఇంత ఎత్తు ఎప్పుడూ చూళ్ళేదు. మా ఊళ్ళో ఎత్తంటే చెరువు గట్టే."

కాగితాలు తీయలేదు. ఆవిడ పక్కనే, కొత్తగా కొన్న చవక చెప్పుల్లో, ఎండ పూర్తిగా తెల్లబడేదాకా మాట్లాడకుండా నిలబడ్డాను. ఆ కుర్రాడి మీద నాకు ఇప్పటికీ గౌరవం లేదు. కానీ ఆ ఒక్క పొద్దుట నోరు మూసుకున్నందుకు మాత్రం అప్పుడప్పుడూ కాస్త ముద్దొస్తుంటాడు.